ఎర్ర బటన్ ఒత్తితే అవ్వ ఆగదు

కొండల్‌కు కావల్సింది ఒక్కటే. మంచిర్యాల దేవదాస్ మాస్టర్ ఆర్కెస్ట్రాలో సింథసైజర్ ముందు నిలబడాలి. వినాయక చవితికి శ్రీరాంపూర్ కాలనీలో ప్రోగ్రాం ఉంది. "ఒక సినిమా పాట కొట్టి కేసెట్ పంపు, నచ్చితే పిలుస్త" అన్నాడు మాస్టర్.

దుబాయి నుంచి అన్న పర్శరాములు పంపిన బుల్లి సింథసైజర్, టూ-ఇన్-వన్ ఉండనే ఉన్నాయి. పక్కింటి టేప్‌రికార్డర్ బతిమాలి తెచ్చాడు. ముందు ఒక కేసెట్‌లోకి తాళం ఎక్కించాడు. ఇక అది మోగుతుంటే, దాని మీద పాట వాయిస్తూ రెండో మిషన్‌లో రికార్డు చేయాలి. కోడిని గంప కింద మూశాడు, కిటికీకి గొంగడి కట్టాడు, ఫ్యాన్ ఆపేశాడు, చెమటలు కక్కుతూ ఎర్ర బటన్ ఒత్తాడు.

పల్లవి తేనెలా జారింది. చరణంలో అడుగుపెట్టాడో లేదో, తలుపు తోసుకుని అవ్వ వచ్చింది, వాళ్లమ్మ శంకరవ్వ.

ఆ ఇంట్లో ఎర్ర బటన్ దిగిందంటే దుబాయికి మాట పోతోందని అర్థం. ఉత్తరాలు మానేసి చాలా ఏళ్లయింది, మంచీచెడూ అంతా కేసెట్‌లోనే. శంకరవ్వ మైకు దగ్గర గొంతుక్కూర్చుంది.

"పర్శరాములూ, పానం మంచిగున్నదా బిడ్డా? మన బర్రె ఈనింది. పోయినసారి నువ్వు తెచ్చిన దుప్పటి మీ మేనత్త ఎత్కపోయింది, ఇంకోటి తే."

కొండల్ కళ్లతోనే దండం పెట్టాడు. నోరు తెరిస్తే తన గొంతూ ఎక్కుతుంది. ఆపుదామంటే ఇంకో ఖాళీ కేసెట్ లేదు, మంచిర్యాల బస్సు హారన్ కొడుతోంది. వేళ్లు మాత్రం పరుగెత్తుతూనే ఉన్నాయి.

"గీడు జూడు, టింగుటింగుమనుడే గని అన్నతోని ఒక్క మాట మాట్లాడుతలేడు. సిగ్గుండాలె!"

పాట అయిపోయింది. కేసెట్ గుంజి, ఏడుపు మొహంతో కండక్టర్ చేతిలో పెట్టాడు.

వారం తిరక్కముందే కబురొచ్చింది. వెళ్లేసరికి ఆర్కెస్ట్రా అంతా టేపు చుట్టూ మూగి ఉంది.

"మీ అవ్వనా?" అన్నాడు దేవదాస్.

"అవు సార్. తప్పయింది."

"బర్రె ఏమి ఈనింది? ఆమె చెప్పనే లేదు, అందరం పరేషాన్ ఉన్నం."

"పెయ్యదూడ సార్."

తబలా ఆయన హమ్మయ్య అన్నాడు. మాస్టర్ నవ్వాపుకుని అన్నాడు: "పోయినేడు ఒకడు తాగి స్టేజీ ఎక్కిండు. మా వాయించేటోడు సగం పాటల చెయ్యి ఇడిచి ఉరికిండు. నిన్ను మీ అవ్వ తిట్టుకుంట కూసున్నా తాళం తప్పలే. చవితికి రా. కేసెట్ మాత్రం వాపస్ ఇయ్య, గిది మాకుండాలె."

కొండల్ ఎగురుకుంటూ ఇంటికొచ్చాడు. అవ్వ గడపలోనే ఎదురైంది. "దుప్పటి గురించి అన్న ఏమన్నడురా?"

కేసెట్ దుబాయి పోలేదని చెప్పక తప్పలేదు. ఆమె కాసేపు కొడుకును ఎగాదిగా చూసింది.

"గట్లనా? అయితే మల్ల ఒత్తు. నువ్వు కూడ కొట్టు. ఉత్తగ మాట్లాడితే సప్పగుంటది."