ఎనిమిది గరిటెలు

డిస్కుతో పాటు ఒక ప్లాస్టిక్ గరిటె ఉచితంగా ఇస్తున్నారన్న సంగతి మా ఇంట్లో మొదట చెప్పింది బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వస్తూ ఒకటి కొనుక్కొచ్చి వంటగది గట్టు మీద పెట్టాడు. చిటికెన వేలంత ఎర్ర గరిటె. కొసకి కన్నం, కన్నానికి దారం. డిస్కు అట్ట మీద సినిమా పేరు, ‘తొమ్మిది తలుపుల కొంప’. పేరు కింద ఒకావిడ శాలువాలోంచి పొడుగాటి గరిటె తీస్తూ కన్ను కొడుతోంది.

"థియేటర్లో రెండు వారాలాడి పోయింది కదా, పీడ విరగడైందనుకున్నాం. ఇప్పుడు ఇంటింటికీ వస్తోంది," అన్నాడు డ్రైవరు.

అతని భార్య ఆ గరిటెను గట్టు మీంచి తీసి డబ్బాల వెనక్కి తోసేసింది. రెండో గది స్టోరక్క ఇంకా ఆసుపత్రి డ్యూటీ నుంచి రాలేదు. ఆ సాయంత్రానికి అదే పదివేలు.

మాది నిజంగానే తొమ్మిది గదుల ఇల్లు. గదికో కాపురం, లేదా గదికో ఒంటి మనిషి. వంటగది మాత్రం అందరికీ ఒకటే. రెండు పొయ్యిలు, తొమ్మిది అరలు, ఎవరు ఎప్పుడు వండుకోవాలో రాసి గోడకు తగిలించిన అట్ట. గుడ్ల మీద పెన్సిలుతో గది నంబరు వేసుకునే ఇల్లు. నీటి సరఫరా ఆఫీసులో గొట్టాల పటాలు గీసి రిటైరైన నాది నాలుగో గది. స్టోరక్కది రెండోది. పెద్దాసుపత్రి వంటశాలలో సరుకుల గది ఆమె చేతిలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఏడో గదిలో మూడేళ్ళ కిందటి దాకా ఒకతను ఉండేవాడు. ద్వారబంధానికి తల కొట్టుకోకుండా లోపలికి వచ్చిన రోజు లేదు. అందరం పొడుగూ అనే పిలిచేవాళ్ళం. ఇల్లు ఖాళీ చేశాక ఆ సినిమా తీసింది అతనే.

సినిమా మంచిదే. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను. స్నానాలగది ముందు సబ్బుపెట్టెలతో నిలబడ్డ వరస, గుడ్డు మీద నంబరు చెరిపి తమది వేసుకోవడం, అన్నీ మావే. కానీ అందరూ ఈలలు వేసింది గరిటె పిన్ని సీనుకి. ఆవిడ ఒక్కో కుండ దగ్గరికీ పిల్లిలా వస్తుంది. అటూ ఇటూ చూస్తుంది. శాలువాలోంచి గరిటె బయటికొస్తుంది, వెనక సన్నాయి లాంటిదేదో కూస్తుంది, కుండలో గరిటెడు మాయం. అలా తొమ్మిది కుండలు. చివరికి గిన్నె నింపుకుని డాబా ఎక్కి, కాళ్ళు చాపుకుని, వేళ్ళు నాక్కుంటూ తింటుంది. అది స్టోరక్కేనని మా వీధిలో చెప్పనక్కర్లేకపోయింది. ఆమె రోజూ కప్పుకునే ముదురాకుపచ్చ శాలువాయే పట్టిచ్చింది.

థియేటర్లో సినిమా వారం పది రోజుల్లో జనం మరిచిపోతారు. డిస్కు అలా కాదు. కావాలంటే మళ్ళీ మళ్ళీ అదే సీను పెట్టుకోవచ్చు. ఆసుపత్రి వంటవాళ్ళు పెట్టుకున్నారు. వారం తిరిగేసరికి సరుకుల గది తలుపు గొళ్ళేనికి పదకొండు ఎర్ర గరిటెలు వేలాడుతున్నాయి. స్టోరక్క వాటిని విప్పి డబ్బాలో వేసుకుని, ఏమీ ఎరగనట్టు బియ్యం తూచి ఇచ్చింది. మర్నాడు వంటశాల సూపర్వైజరు అందరూ చూస్తుండగానే చెయ్యి చాచాడట. "ఈ గోల చల్లారేదాకా తాళాలు నా దగ్గరుంచమ్మా. పైవాళ్ళు అడుగుతున్నారు." పద్దెనిమిదేళ్ళుగా ఆమె నడుముకి ఉన్న తాళాల గుత్తి అది. తాళాలు లేని స్టోరక్కను కూరగాయలు తరగడానికి కూర్చోబెట్టారు. నెలాఖరులోగా సరుకుల గది ఇంకొకరికి అప్పజెప్తారని కూడా అనుకుంటున్నారు.

శుక్రవారం సాయంత్రం ఆమె నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, మీ డిస్కు మిషను ఆదివారం మధ్యాహ్నం కావాలి. హాల్లో పెడతారా?"

"ఏం చూస్తావమ్మా?"

"నన్నే."

ఆ మిషను నా భార్య మంచాన పడ్డ రోజుల్లో కొన్నాను. ఆవిడ చూస్తూ నిద్రపోతే ఆపేసేవాణ్ణి, మెలకువ వస్తే ఆపిన చోటి నుంచే మొదలయ్యేది. ఆ మూడు నెలల్లో మాకు ఎదురు చెప్పనిది అదొక్కటే.

స్టోరక్కకు రిమోటు చేతికిచ్చి చూపించాను. "ఇది నొక్కితే నడుస్తుంది. ఇది నొక్కితే ఆగుతుంది."

"ఆగితే బొమ్మ పోతుందా?"

"పోదు. ఉన్నచోటే నిలబడి ఉంటుంది."

"నేను మాట్లాడినంతసేపూ?"

"ఎంతసేపైనా."

ఆమె ఆ బొత్తాం మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది. "థియేటర్లో ఇది లేకపోయింది. అంతమంది మధ్య, నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని కూర్చున్నాను. ఈసారి సినిమా ఆగుతుంది, నేను మాట్లాడతాను. సూపర్వైజరు గారిని పిలిచాను. ఆ పొడుగునీ రమ్మన్నాను."

"వస్తాడా?"

"రాకపోతే నేనే వాళ్ళ ఆఫీసుకి మిషను పట్టుకెళ్తానని చెప్పాను. వస్తానన్నాడు."

ఆమె వెళ్ళాక తలుపు వేసి, నా అరలో వెనకవైపున్న స్టీలు గిన్నెను చూశాను. అంచు మీద సొట్ట. అది నాది కాదు.

నా భార్య పోయాక నేను పొయ్యి వెలిగించలేదు. డ్రైవరు భార్య ఒక రోజు పళ్ళెంలో భోజనం తెస్తే మూత కూడా తీయకుండా వెనక్కి పంపేశాను. జాలి పడి పెట్టే తిండి నాకొద్దన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, మాట పదునుగానే వచ్చింది. ఆ మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి నా గుమ్మం ముందు ఈ గిన్నె ఉండేది. "ఆసుపత్రిలో మిగిలింది అన్నయ్యా. మీరు తినకపోతే పారబోయాలి," అంది స్టోరక్క. పారబోయడం నాకూ ఇష్టం లేదు. తిన్నాను. ఐదు నెలలు తిన్నాను. ఒకే గిన్నెలో ఇన్ని రుచులేమిటని ఒక్కరోజూ అడగలేదు. థియేటర్లో ఆ శాలువా, ఆ గరిటె కనిపించినప్పుడు నాకు అర్థమైంది. చుట్టూ అందరూ నవ్వుతుంటే నేను ఆ ఐదు నెలల గిన్నెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

అప్పటి నుంచి ఏడాది. నేను నోరు విప్పలేదు. ఆసుపత్రి పేరు చెప్పి పెట్టిందని బయటపడితే ఆమెకే ముప్పని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అందులో నిజం పావు వంతు. మిగతాదంతా సిగ్గు.

ఆదివారం మూడింటికి హాలు నిండింది. కుర్చీలు చాలక డ్రైవరు బియ్యం డబ్బా తిరగేసుకుని కూర్చున్నాడు. సూపర్వైజరు ఇస్త్రీ చొక్కాతో, వాచీ చూసుకుంటూ వచ్చాడు. పొడుగు అలవాటుగా ద్వారబంధానికి తల కొట్టుకుని లోపలికి వచ్చాడు. ఎవరూ నవ్వలేదు గానీ డ్రైవరు భార్య మాత్రం, "పేరొచ్చినా ఎత్తు తగ్గలేదు," అంది.

స్టోరక్క ఆ ముదురాకుపచ్చ శాలువాయే కప్పుకుని టీవీ పక్కన నిలబడింది. స్నానాలగది వరస రాగానే నొక్కింది. బొమ్మ ఆగిపోయింది.

"ఈ మూడోవాడెవరు?"

"నేనే," అన్నాడు డ్రైవరు.

"లోపలికెళ్తే గంట పాడతాడని చూపించాడు. అది నిజం. నవ్వండి."

అందరూ నవ్వారు. పొడుగు కూడా భయం భయంగా నవ్వాడు. గుడ్డు దగ్గర మళ్ళీ ఆపింది. "ఇదీ నిజమే. నంబరు చెరిపింది ఈ సినిమా తీసినవాడే." ఈసారి సూపర్వైజరు కూడా నవ్వాడు.

తరవాత గరిటె వచ్చింది. ఆమె సీనంతా నడవనిచ్చింది, కూతతో సహా. డాబా మీద పిన్ని గిన్నె ఒళ్ళో పెట్టుకున్న చోట ఆపింది.

"ఎన్ని కుండలు చూపించావురా పొడుగూ?"

"తొమ్మిదక్కా."

"తప్పు. ఎనిమిది. ఒకరు అప్పట్లో పొయ్యి వెలిగించట్లేదు." ఆమె నా వైపు చూడలేదు. చూడకపోవడానికి ఎంత జాగ్రత్త పడిందో నాకు తెలుస్తూనే ఉంది. "ఎనిమిదిలో ఒకటి నాది. గరిటె నిజం, శాలువా నిజం, ఎవరూ చూడకుండా తీసింది నిజం. ఈ డాబా మీద కూర్చుని తిన్నదొక్కటే అబద్ధం. నేను తినలేదు."

"మరి ఎవరు తిన్నారమ్మా?" అన్నాడు సూపర్వైజరు.

"అది చెప్పను."

"అలా అంటే ఎలా? పైవాళ్ళకి నేనేం చెప్పుకోవాలి?"

"మా ఇంటి కుండల్లో తీశానని నా నోటితో ఒప్పుకున్నానని చెప్పండి. దానికి జవాబు ఈ ఇంటికి చెప్పుకుంటాను, మీకు కాదు. మీ సరుకుల గదిలో పద్దెనిమిదేళ్ళలో ఒక్క ఉప్పుగల్లు తగ్గిందేమో చూపించండి. అప్పుడు తాళాలు కాదు, నా చేతులే తీసుకోండి."

"తగ్గిందని నేననలేదు. జనం అనుకునేది..."

"జనం సినిమా చూశారు. మీరు పద్దెనిమిదేళ్ళు నన్ను చూశారు."

ఆయన వాచీ చూసుకోవడం మానేశాడు. కానీ లొంగలేదు. "ఆ గిన్నె ఎక్కడికెళ్ళిందో తేలితే తప్ప నా చేతుల్లో లేదమ్మా," అన్నాడు మెల్లగా.

ఆమె చెప్పదని నాకు తెలుసు. తాళాలు పోతే పోనిస్తుంది గానీ, నేను ఎవరి తిండి తిన్నానో పదిమందిలో బయటపెట్టదు.

నేను లేచి నా గదికి వెళ్ళాను. వెనక ఎవరో, "ఈయన వెళ్ళిపోతున్నాడేంటి," అన్నారు. గిన్నె తెచ్చి టీవీ ముందు బల్ల మీద పెట్టాను. తెర మీదా గిన్నె, బల్ల మీదా గిన్నె.

"అన్నయ్యా, వద్దు," అంది స్టోరక్క.

"నువ్వు ఆపు నొక్కే ఉంచమ్మా. నేను మాట్లాడాలి." గిన్నెను అందరికీ కనిపించేలా తిప్పాను. "ఆ గిన్నె ఇదే. నా గుమ్మం ముందుకి వచ్చేది. ఐదు నెలలు. వెలగని పొయ్యి నాదే. పళ్ళెం తెచ్చిన మనిషిని నేను మొహం మీదే పొమ్మన్నాను. అందుకే ఈమె ఆసుపత్రిలో మిగిలిందని అబద్ధం చెప్పి పెట్టింది."

సూపర్వైజరు ముందుకి వంగాడు. "ఆసుపత్రిలోదా?"

"ఆ గిన్నెలో రోజూ మాడిన వెల్లుల్లి వాసన వచ్చేది. మీ వంటశాలలో వెల్లుల్లి వేస్తారా?"

"రోగులకి వెల్లుల్లి వెయ్యం," అన్నాడాయన. అనేశాక, తను ఏమన్నాడో తనకే వినిపించినట్టు వెనక్కి వాలాడు.

"మాడిందని ఇంతమందిలో చెప్పాలా?" అంది డ్రైవరు భార్య. "అయినా నా కుండలో గరిటెడు తగ్గుతోందని నాకు తెలీదనుకున్నారా? ఎవరికో తెలీదు, అంతే. ఏదో అవసరం ఉండే ఉంటుందని రోజూ గరిటెడు ఎక్కువే వండేదాన్ని."

"నేనైతే నువ్వే తినేస్తున్నావనుకున్నాను," అన్నాడు డ్రైవరు.

పొడుగు తల దించుకుని కూర్చున్నాడు. కూర్చున్నా అందరికన్నా ఎత్తుగానే ఉన్నాడు. "నన్ను అడిగి ఉంటే నేనే ఇచ్చేవాణ్ణి కదక్కా. ఎందుకడగలేదు?"

"అడిగితే అందరూ ఇస్తారు. ఇచ్చినవాళ్ళకి ఎవరికిస్తున్నామో చెప్పాలి. అది తెలిస్తే ఈయన తినడు. అడక్కుండా తీస్తే నా ఒక్కదానికే చెడ్డపేరు. ఒకళ్ళకి సరిపోయే చెడ్డపేరుని ఎనిమిది మందికి పంచడమెందుకు?"

"రెండో విడత డిస్కుల్లో ఆ సీను తీసేయిస్తాను."

"తీసేస్తే నేను తల దించుకున్నట్టు. ఉండనీ. ఆ నటించిన పిల్ల బాగా చేసింది, నాకన్నా చలాకీగా ఉంది. నవ్వేవాళ్ళు నవ్వుకుంటారు. నిజం కావలసినవాళ్ళకి ఈ ఇల్లెక్కడుందో తెలుసు, ఈ బొత్తాం ఎక్కడుందో నాకు తెలుసు."

సూపర్వైజరు జేబులోంచి తాళాల గుత్తి తీసి గిన్నె పక్కన పెట్టాడు. స్టోరక్క దాన్ని ముట్టుకోలేదు.

"ఇక్కడ కాదండీ. మీరు తీసుకున్నది వంటశాలలో, అందరి ముందూ. రేపు పొద్దున ఆరింటికి అక్కడే, అందరి ముందూ ఇవ్వండి."

ఆయన గుత్తిని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "ఆరింటికి," అన్నాడు.

ఆరింటికి నేనూ వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు, వద్దనీ అనలేదు. పాల డబ్బాలు దింపుతున్నవాళ్ళు దింపడం ఆపారు. కూరగాయలు తరిగేవాళ్ళు కత్తులు పక్కన పెట్టారు. సూపర్వైజరు గొంతు సవరించుకుని, "ఈ తాళాలు తీసుకోవడం నా పొరపాటు," అన్నాడు. పొరపాటు అన్న మాట దగ్గర కొంచెం గొంతు తగ్గించాడు. స్టోరక్క, "వెనకవాళ్ళకి వినబడలేదండీ," అంది. ఆయన మళ్ళీ చెప్పాడు.

ఆమె గుత్తి అందుకుని, శాలువా కొంగున కట్టుకున్న ఎర్ర గరిటె ఒకటి విప్పింది. దారం కొసను తాళాల రింగులోకి దూర్చి రెండు ముళ్ళు వేసింది. గుత్తిని నడుముకి తగిలించుకుంటే, తాళాల మధ్య ఆ గరిటె ఎర్రగా వేలాడింది.

"అది తీసెయ్యమ్మా, బాగుండదు," అన్నాడు సూపర్వైజరు.

"ఎందుకు తీస్తాను? డిస్కుతో ఉచితంగా ఇచ్చారు," అంది స్టోరక్క, సరుకుల గది తాళం తీస్తూ. "ఇదొక్కటీ దొంగిలించింది కాదు."