ఎత్తిన చెయ్యి

బృందగానం పోటీ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోని ఫంక్షన్ హాల్లో. ఇందు మాత్రం పొద్దున్నుంచే గాల్లో చేతులు ఊపుతోంది. దోసె తిరగేస్తూ ఊపింది, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాకా ఊపింది. ఎదుటి సీట్లోని పాపాయి తనకే అనుకుని టాటా చెబితే, అంత కంగారులోనూ ఇందుకు నవ్వాగలేదు.

"జర ఆపు. ట్రాఫిక్ పోలీసనుకుంటరు," అన్నాడు పక్కనున్న కొత్త మొగుడు మధుకర్.

కాలనీ భజన బృందం అత్త అండాలమ్మది. ఏళ్లుగా ఆమె ఒక చరణం అంటే, మిగతా ఆడవాళ్లు అందుకుంటారు. కాలేజీలో బృందగానం నడిపించిన ఇందు, కోడలై వచ్చి ఏడాది తిరగకముందే ఆ పద్ధతి మార్చింది. ఎవరూ ముందు పాడకూడదు. తన చెయ్యి దిగగానే అందరూ ఒక్కసారే ఎత్తుకోవాలి.

"పాట నోట్లె ఉంటది గని చేతుల్ల ఉంటదా, బిడ్డా?" అని అండాలమ్మ అందరి ముందే అడిగింది. అడిగి, ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడమే ఇందును భయపెడుతోంది. ఇవాళ పాట చెడితే అత్త తన బృందం ముందే చిన్నబోతుంది. ఇక ఇందు చేతి వంక ఎవరూ చూడరు.

పేరు పిలిచారు. పోచంపల్లి చీరల్లో రెండు వరుసలు నిలబడ్డాయి. మధ్యలో అండాలమ్మ, ఆమె పక్కన, ఏళ్లుగా ఆమెతో పాడే సైదమ్మ. ఇందు వాళ్లకెదురుగా వచ్చింది. చెయ్యెత్తింది.

రెండు వరుసలూ చేతులెత్తాయి.

భజనలో చెయ్యి లేచిందంటే తాళం వెయ్యమనే. రిహార్సల్లో అందరి చేతుల్లో పాట కాగితాలుండేవి కాబట్టి ఆ అలవాటు బయటపడలేదు. కాగితాలు స్టేజీ మీద బాగుండవని ఇవాళ తీసేయించింది ఇందూనే. సైదమ్మ ఒక చప్పట కొట్టేసింది కూడా. హాల్లో కిసుక్కుమన్నారు.

అండాలమ్మ పెదవులు విడివడ్డాయి. ఆమె మొదటి మాట అంటే చాలు, అందరూ అందుకుంటారు, పరువు దక్కుతుంది. పాడేస్తే బాగుండునని ఇందుకు అనిపించింది. పాడకపోతే బాగుండునని కూడా.

అండాలమ్మ నోరు మూసుకుంది. సైదమ్మ చెయ్యి పట్టి కిందికి దించింది.

"చేతులు దించుండ్రి," అంది మెల్లగా. "గామెను సూడుండ్రి."

ఇందు మళ్లీ చెయ్యెత్తి, భుజాలు లేచేలా ఊపిరి పీల్చింది. అండాలమ్మా పీల్చింది. వరుసలన్నీ పీల్చాయి. చెయ్యి దిగింది. పాట మొదలైంది. ఎవరు ముందందుకున్నారో తెలియలేదు, ఎవరూ ముందు అందుకోలేదు కనుక.

చివరి అక్షరం దగ్గర ఇందు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆపాలని తోచలేదు, అంత బాగుంది. చెయ్యి దిగలేదు గనుక వాళ్లూ ఆపలేదు. ఊపిరి చాలక సైదమ్మ ముఖం ఎర్రబడింది. అండాలమ్మ రాగం వదలకుండానే, చాలమ్మా అన్నట్టు కళ్లతో గదిమింది.

అప్పుడు దించింది ఇందు.