కాలికి బుద్ధి

అందరూ ఆయన్ని కాళ్ళ మాస్టారంటారు. గోల్ఫ్ నేర్పే మనిషి శిష్యుడి చేతులు చూడాలి గానీ, ఈయన వచ్చినవాడి మొహమైనా చూడకుండా బూట్లవంక చూస్తాడు. "బంతిని కొట్టేది చేతులు కాదయ్యా, నేల. నువ్వు దాన్ని గట్టిగా తొక్కు, మిగతాది అదే చూసుకుంటుంది" అంటాడు. "కాలికి బుద్ధి చెప్పడమే నా ఉద్యోగం" అని తన హాస్యానికి తనే నవ్వుకుంటాడు. ఆ మాట విని విని కూతురికి విసుగొచ్చింది.

ఆయనదో పద్ధతి. నల్ల రబ్బరు పట్టా మీద సుద్దపొడి జల్లి, దానిమీద నిలబెట్టి కొట్టిస్తాడు. ఆ తర్వాత పొడిలో పడ్డ అడుగుల్ని వంగి చదువుతాడు. కర్ర పైకి లేచేటప్పుడు బరువు కుడికాలి మీదికి పోవాలి. దిగేటప్పుడు ముందు ఎడమ మడమ నేలని నొక్కాలి, ఆ తర్వాతే నడుము తిరగాలి. చేతులు అన్నిటికన్నా చివర, భోజనాల వేళకి వచ్చే చుట్టాల్లా రావాలి. ఎవడు ఏం చేశాడో పొడి చెప్పేస్తుంది. దాని దగ్గర బుకాయింపులు చెల్లవు.

మూడేళ్ళుగా ఆయన ఆ పొడిలో ఇంకోటి కూడా వెతుకుతున్నాడు, కూతురి అడుగుల్లో మాత్రమే. ఎడమ బొటనవేలి ముందు సన్నటి గీత. ఆయన అన్నకి జబ్బు అలాగే మొదలైంది. మొదట వేలు నేలకి రాసుకుంది. ఏడాది తిరక్కుండా కాలు పడిపోయింది. ఆ మరుసటేడు చక్రాల కుర్చీ.

అన్నకి వైద్యం చేసిన డాక్టరమ్మ అప్పుడే మాస్టారిని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. "ఇది వంశంలో నడిచే జబ్బండీ. మీరు రక్తం ఇచ్చి వెళ్ళండి. మీలో లేకపోతే మీ అమ్మాయికి భయం లేదు. ఉంటే తనకీ పరీక్ష చెయ్యాలి." సరేనని తలూపి, రక్తం తీసే గది గుమ్మం దాకా వెళ్ళి, అక్కణ్ణించి కాలికి బుద్ధి చెప్పాడు పెద్దమనిషి. ఇంటికొచ్చి "నాకు లేదట" అన్నాడు. తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని సంతోషంతో ఏడ్చారు. ఆ ఏడుపు చూశాక నిజం చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

వారంలో కూతురికి పోటీ ఉంది. ఆ ఉదయం కిటికీలోంచి వచ్చే ఎండలో సాధన చేస్తోంది.

"నీ ఎడమకాలు బద్ధకిస్తోందమ్మా. ఇలా జరుగు, నేను చూపిస్తా" అని మాస్టారు పట్టా ఎక్కి ఒక దెబ్బ కొట్టాడు. అదే పొడిలో కూతురు ఇంకో దెబ్బ కొట్టింది. బంతి ఎదుటి వలలోకి దూసుకుపోయింది.

మాస్టారు వంగి చూశాడు. ఎడమ బొటనవేలి ముందు వేలెడు పొడుగున గీత ఉంది.

ఆయన కూతుర్ని పట్టా దిగమన్నాడు. చీపురు తీసుకుని పట్టా అంతా ఊడ్చాడు. డబ్బాలోంచి పొడి జల్లాడు.

"మళ్ళీ కొట్టు."

కొట్టింది. గీత లేదు.

"ఇంకోసారి."

మళ్ళీ కొట్టింది. మడమ నొక్కిన చోట నల్లటి రబ్బరు తేటగా కనిపిస్తోంది. గీత లేదు, గీతలాంటిది కూడా ఏదీ లేదు.

"హమ్మయ్య!" అన్నాడు పైకే. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. తన బిడ్డ కాళ్ళు బంగారంలా ఉన్నాయి. ఆ ఆనందం ఎంతసేపు నిలిచింది గనక? పొడిలో నిలబడింది ఇద్దరే. కూతురిది కాకపోతే ఆ గీత మరెవరిదని ఒకళ్ళు వచ్చి చెప్పాలా?

కూతురు పట్టా దిగి, పొడివంక కాదు, తండ్రి ఎడమ బూటువంక చూస్తోంది. ముందు భాగంలో తోలు అరిగి తెల్లబడింది.

"ఈమధ్య మెట్లెక్కుతుంటే నీ కాలు చప్పుడవుతోంది నాన్నా. బూట్లు పాతవయ్యాయేమో అనుకున్నా" అంది. గొంతు మెల్లగానే ఉంది. "నీకు లేదన్నారుగా? ఆస్పత్రిలో చెప్పారన్నావుగా?"

మాస్టారు తలెత్తి చూశాడు. పట్టాకి అవతల తలుపు బార్లా తీసి ఉంది. పట్టుమని నాలుగడుగులు లేవు. మూడేళ్ళ కిందట ఆస్పత్రిలో ఆ గుమ్మం దగ్గర అనిపించినట్టే ఇప్పుడూ అనిపించింది. పట్టా మీదుగా ఎడమకాలు అటు వేశాడు.

ఇద్దరూ చూస్తుండగానే పొడిలో ఇంకో గీత పడింది.