పంతులుగారి స్టెప్నీ

మణిశంకర్ పంతులుగారి చేత్తో పూజ జరిగితే బండికి గీత కూడా పడదని కొత్తపేట చుట్టుపక్కల గట్టి నమ్మకం. కొత్త లారీ కొన్నా, పాత ఆటో కొన్నా ఆయన పూజారిగా ఉన్న ఆంజనేయస్వామి గుడి ముందే తెచ్చి నిలబెడతారు. ఆయన చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, అద్దం కింద పసుపుతో స్వస్తిక్ వేసి, డ్రైవరు భుజం తట్టి, "ఇంక దేనికీ భయపడకండి" అంటారు. ఇరవై ఏళ్ళుగా ఇదే మాట. ఆ మాటన్న మనిషికి మాత్రం హైవే ఎక్కితే ముచ్చెమటలు పోస్తాయి.

ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. నిరుడు కొన్న కారుని కాలవ గట్టు మీద, ఊళ్ళ మధ్య దర్జాగానే నడుపుతారు మరి.

ఆ రోజు కూతురు ఉమాశ్రీకి రాజమండ్రిలో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష. తొమ్మిది దాటి ఒక్క నిమిషమైనా గేట్లోకి రానివ్వరు. బస్సులో వెళ్తానని పిల్ల అంటే, ఇంట్లో కారు పెట్టుకుని బస్సేంటని పంతులుగారే పట్టుబట్టారు. ఏడున్నరకి రావులపాలెంలో హైవే ఎక్కారు. ఎక్కగానే అరటి గెలల ట్రాక్టరొకటి కనిపించింది. ప్రాణం లేచొచ్చి దాని వెనకాలే చేరారు.

"దాటెయ్యండి నాన్నగారూ."

"వెనకాల లారీ ఉందమ్మా. అది వెళ్ళనీ."

అది వెళ్ళింది. దాని వెనక ఇంకోటి వచ్చింది. లారీలకేం కొదవ? హారన్ వినబడితే చాలు, పంతులుగారు కారుని పక్కకి దింపి, గుండె కుదుటపడేదాకా ఆగి, మళ్ళీ వెళ్ళి ట్రాక్టరుని అందుకున్నారు. దూసుకెళ్ళిన లారీల్లో రెండింటి మీద ఆయన వేసిన స్వస్తిక్కే ఉంది.

కడియపులంక నర్సరీల దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదీ ఇరవై. ఉమాశ్రీ హాల్ టికెట్ చేతిలోకి తీసుకుంది. "ఇక్కడ ఆపండి నాన్నగారూ. బస్సెక్కేస్తాను." గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేదనిపించింది ఆయనకి. పిల్ల చెయ్యెత్తితే బస్సు ఆగింది, ఎక్కించుకుంది, ట్రాక్టరుని దాటేసి వెళ్ళిపోయింది. గెలల వెనక పంతులుగారు ఒక్కరే మిగిలారు.

ఆయన వెళ్ళేసరికి తొమ్మిదింపావు. గేటు మూసేశారు.

"రెండు జడల అమ్మాయి లోపలికి వెళ్ళిందా బాబూ?"

"ఆఖర్న పరిగెత్తుకుంటూ వెళ్ళిందండి," అన్నాడు వాచ్‌మన్.

గండం గడిచింది, సిగ్గు మిగిలింది. పన్నెండు దాకా కారులోంచి దిగలేదు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే పిల్ల ఏడాది చదువు తన భయానికి బలయ్యేదన్న ఆలోచన ఎంత తోసినా పోలేదు.

పరీక్ష అయ్యాక ఉమాశ్రీతో పాటు క్లాసుమేటు రమ్యశ్రీ నాన్న చంద్రరావు కూడా కారు దగ్గరికి వచ్చాడు. ఆయనకి నాలుగు లారీలు. నాలుగింటికీ పూజ చేసింది పంతులుగారే.

"దారిలో పంచరైందటండీ? మీ అమ్మాయి మా అమ్మాయితో చెప్పిందట. స్టెప్నీ మీరే మార్చుకున్నారా? నట్లు బిగిశాయో లేదో చూస్తానుండండి."

పంతులుగారు కూతురి వంక చూశారు. ఉమాశ్రీ తల దించుకుని హాల్ టికెట్ మడతపెడుతోంది.

చంద్రరావు నాలుగు టైర్లూ తట్టి చూశాడు. డిక్కీ తీయించి, అడుగునున్న చాప ఎత్తాడు. స్టెప్నీ మీద నిరుడు పూజనాడు పెట్టిన కుంకుమ బొట్టు చెదరకుండా ఉంది. పక్కన ఎండిపోయిన బంతిపువ్వు కూడా ఉంది. ఆయన చాప మెల్లిగా దించేశాడు.

"మంచి పనివాడే దొరికాడండి. పంచరు ఆనవాలే లేదు," అన్నాడు ఎటో చూస్తూ. "శుక్రవారం అయిదో లారీ వస్తోందండి. పూజకి ఎన్నింటికి తెమ్మంటారు?"

పంతులుగారు డిక్కీ మూసేశారు. "పంచరు పడలేదు చంద్రరావుగారూ. నాకు లారీలంటే భయం. పిల్ల నా పరువు కాపాడ్డానికి అలా చెప్పింది."

చంద్రరావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాతో అన్నారు సరే. మా డ్రైవర్లతో మాత్రం అనకండి బాబూ. మీరు భయం లేదన్నాకే వాళ్ళు స్టీరింగు పట్టుకుంటారు."

నాలుగు తిట్టినా ఇంత సిగ్గు వేసేది కాదు. పంతులుగారు తలూపి కారెక్కారు.

కారు రోడ్డెక్కాలి. బండ్లు ఆగడం లేదు, ఈయన కదలడం లేదు. చూసి చూసి చంద్రరావే నడిరోడ్డు మీద నిలబడి, బాతుల మందని దాటించేవాడిలా రెండు చేతులూ చాపాడు. ముందొచ్చిన లారీ ఆగింది. డ్రైవరు పంతులుగారిని గుర్తుపట్టి, స్టీరింగు వదిలి రెండు చేతులూ జోడించాడు.

ఆశీర్వదించడానికి పంతులుగారి చెయ్యి అలవాటుగా లేచింది. ఆ కంగారులో క్లచ్చి మీద కాలు జారి, కారు సరిగ్గా రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది. తాళం తిప్పారు. అందుకోలేదు. మళ్ళీ తిప్పారు.

ఆ లారీ డ్రైవరు ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు.