ప్రార్థన మేస్త్రికి పట్టిన దిగులు

శనివారం సాయంత్రం నాలుగున్నరకు ఆ మేస్త్రి ఇంటి ముందుగదిలో ప్రార్థన కూటం మొదలైంది. చాపల మీద ఎనిమిదిమంది మోకరించి ఉన్నారు. కుర్చీలో పాస్టరుగారు, గుమ్మం పక్కన స్టూలు మీద మోకాళ్ళు వంగని అత్తగారు. వీధిలో వెళ్ళేవాళ్ళు లోపలికి తొంగిచూస్తే, ఇలాంటి ఇల్లు మనకూ ఉంటే ఎంత బాగుండును అనుకుంటారు. కాని పాఠకులారా, ఆ గదిలో ఒక మనిషికి ప్రాణం ప్రాణంలో లేదు. అతను ఎవరో కాదు, ఇంటి యజమానే.

అతను బస్సు డిపోలో మెకానిక్కు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. చక్రాల పని అతనికి కొట్టిన పిండి. షెడ్డులో అందరూ అతన్ని ప్రార్థన మేస్త్రి అంటారు. కొందరు ప్రేమతో అంటారు, ఫోర్‌మన్ మాత్రం దెప్పిపొడవడానికి అంటాడు. భోజనాల గంట కొట్టగానే టైర్ల గదిలో ఐదారుగురిని కూర్చోబెట్టి పావుగంట ప్రార్థన చేయించడం అతని అలవాటు. పదేళ్ళుగా ఒక్క నిమిషం ఆలస్యం కాలేదని చెప్పుకొనేవాడు. ఆ చెప్పుకోవడంలో కాస్త గర్వం ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం కొండదారిన వెళ్ళే బస్సుకు బ్రేకుల పని చేసి, వెనక చక్రాలు తిరిగి ఎక్కించే బాధ్యత అతనిదే. చక్రానికి పది నట్లు. ముందు చేత్తో తిప్పి కూర్చోబెట్టాలి. తర్వాత పొడుగు పానాతో ఒళ్ళంతా బరువు వేసి, ఒక్కొక్కటీ బిగించాలి. బిగించాకే ప్రతి నట్టు మీంచి చక్రం మీదికి బ్రష్షుతో తెల్ల గీత పెట్టాలి. గీత ఉందంటే నట్టు బిగిసిందని మేస్త్రి మాట ఇచ్చినట్టు. ఆ గీత చూసిన తర్వాత ఇంకెవరూ దాని మీద చెయ్యి వేయరు.

కుడి చక్రం పద్ధతి ప్రకారమే అయింది. ఎడమ చక్రానికి నట్లు చేత్తో తిప్పి పెట్టాడో లేదో, పక్క బస్సు పనివాడు రంగు డబ్బా కోసం వచ్చి నిలబడ్డాడు. షెడ్డు మొత్తానికి ఒకటే డబ్బా. గంట కొట్టడానికి రెండు నిమిషాలుంది. వచ్చాక ఎలాగూ బిగిస్తాను కదా అనుకుని, మేస్త్రి పది నట్ల మీదా పది గీతలు గీసేసి డబ్బా ఇచ్చేశాడు. గంట కొట్టింది. చేతులు తుడుచుకుంటూ టైర్ల గదికి వెళ్ళాడు. దేవుడి దగ్గరికి ఆలస్యంగా వెళ్ళకూడదని పని మధ్యలో వదిలిన మనిషికి, ఆ పనిలో యాభైమంది ప్రాణాలున్నాయన్న సంగతి అప్పుడు తట్టలేదు. ప్రార్థన ముగిసి బయటికి రాగానే, ఇంకో బస్సుకు నీళ్ళ గొట్టం పగిలిందని ఫోర్‌మన్ అతన్ని షెడ్డు అవతలి చివరికి తరిమాడు. రెండింటికి షిఫ్టు అయిపోయింది. సైకిలెక్కాడు.

సగం దారిలో గుండెల్లో రాయి పడింది. వెనక్కి వెళ్ళి ఎడమ చక్రం బిగించానా, లేదా?

ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. పానా మీద వాలి లాగడం గుర్తుంది, మెడ మీద చెమట గుర్తుంది. అది కుడి చక్రం దగ్గరో ఎడమ చక్రం దగ్గరో చెప్పలేకపోయాడు. బస్సు ఐదున్నరకు బయల్దేరుతుంది. దారి పొడుగునా మలుపులు, ఒక పక్క లోయ.

వెనక్కి తిరిగితే పది నిమిషాల్లో తేలిపోయే సంగతి. అయినా సైకిలు ఇంటివైపే పోయింది. ఎందుకంటారా? బిగించకుండా గీత పెట్టడం ఆ షెడ్డులో అన్నిటికన్నా పెద్ద తప్పు. కిందటేడు ఒకతన్ని దానికే ఉద్యోగంలోంచి తీసేశారు. పైగా ఫోర్‌మన్ ఊరుకుంటాడా? ప్రార్థనకని పరిగెత్తి చక్రం వదిలేశాడని నలుగురిలో నవ్వులపాలు చేసి, టైర్ల గదికి తాళం వేయించడూ? అప్పుడు అవమానం ఎవరికి? దేవుడికి కాదూ? ఇలా సాగాయి మేస్త్రి ఆలోచనలు. దేవుడి పరువు నిలబెట్టే భారం కూడా తన నెత్తి మీదే ఉందనుకున్నాడు పాపం.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని లేచాడు. తలనొప్పని భార్యకు చెప్పి, వెనకగదిలో తలుపు మూసుకుని ప్రార్థించాడు. ప్రభువా, ఈ భయం తీసెయ్యి, నా మనసుకు శాంతినివ్వు అని అడిగాడు. తర్వాత సూచన కోసం కళ్ళు మూసుకుని గ్రంథం తెరిచి వేలు పెట్టాడు. ఎవరి కొడుకు ఎవరో చెప్పే పేర్ల వరుస వచ్చింది. మళ్ళీ తెరిచాడు. గుడారం కొలతలు వచ్చాయి. మూడోసారి భయపడొద్దని ధైర్యం చెప్పే మాట వచ్చింది. ఇంకోసారి తెరిస్తే ఏమొస్తుందోనని గబుక్కున మూసేశాడు. మొదటి రెండూ దేవుడి మాటలు కానట్టు, మూడోదే తన కోసం పంపినట్టు సర్దిచెప్పుకున్నాడు. అయినా దిగులు వదల్లేదు.

కూటంలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు మేస్త్రి తల వంచుకుని, మధ్యాహ్నం నుంచి మనసు నిలవడం లేదని, ఏదో భయం పీడిస్తోందని, తన కోసం ప్రార్థించమని కోరాడు. పాస్టరుగారు మంచివారు. వెంటనే లేచివచ్చి, అతని తల మీద చెయ్యి ఉంచి, ఈ భయం శత్రువు పని అని, అది ఈ ఇంటి గడప దాటి పోవాలని కళ్ళనీళ్ళతో ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా మేస్త్రే అన్నాడు.

అసలు జబ్బు ఇక్కడే ఉంది. భయంగా ఉందంటే ప్రార్థించడానికి అంతమంది ఉన్నారు. ఏమైందని అడిగేవాళ్ళే లేరు. మన కూటాల్లో తరచూ జరిగేది ఇదే. ఒక మనిషి లోపల దేవుడు తలుపు తడుతుంటే, ఆ చప్పుడు ఆగిపోవాలని అందరం కలిసి మొరపెడతాం.

ఆ సాయంత్రం మాత్రం అడిగే మనిషి ఒకరున్నారు. మేస్త్రి అత్తగారు ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడకు మాట దాచుకోవడం చేతకాదు.

"బాబూ, ఆ భయం సరిగ్గా ఎన్నింటికి మొదలైంది?" అని అడిగింది.

"రెండు దాటాక, అత్తయ్యా."

"రెండింటికి ముందు ఏం జరిగింది?"

 డిపోలో పని ఎక్కువైందన్నాడు. ఏ పని అని ఆవిడ వదల్లేదు. ఆసుపత్రిలో రోగుల చేత నిజం చెప్పించిన గొంతు అది. చాప వంకే చూస్తూ, ముక్కముక్కలుగా, రంగు డబ్బా దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాడు.  అతని భార్య గడియారం వైపు చూసింది. ఐదూ ఐదైంది.

పాస్టరుగారు, ముందు ఒక్క నిమిషం దేవుడి చిత్తం ఏమిటో కనిపెడదామన్నారు.

"కనిపెట్టడానికి ఇంకేముందయ్యగారూ?" అంది అత్తగారు. "మా ఆసుపత్రిలో కడుపునొప్పితో ఎవరైనా వస్తే, డాక్టరు చూడకుండా మేము నొప్పి తెలియని సూది వేసేవాళ్ళం కాదు. నొప్పి పోతే జబ్బు ఎక్కడుందో తెలియదు. మనిషి హాయిగా నిద్రపోతూ పోతాడు. ఈయన మూడు గంటలుగా ఆ సూది కోసమే దేవుణ్ణి అడుగుతున్నారు. మీరందరూ కలిసి వేయబోయారు."

"ఒకవేళ బిగించే ఉంటే, అత్తయ్యా? ఉత్తపుణ్యానికి ఉద్యోగం పోతుంది" అన్నాడు మేస్త్రి. 

"పోనివ్వండి. నాకు పెన్షనుంది, కలోగంజో తాగుదాం. మాట్లాడమని దేవుణ్ణి మీరే బతిమాలతారు. మాట్లాడితే, నోరు మూసుకోమని మళ్ళీ ఆయన్నే అడుగుతారు. లేవండి."

మేస్త్రి లేచాడు.  భార్య ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. డిపో ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ తీయలేదు. రెండోసారి చేశాడు. అది మోగుతున్నంతసేపూ అతనికి లోయే కనిపించింది. చివరికి గేటు దగ్గరి గుమాస్తా తీశాడు. బస్సు గేటు దగ్గరికి వచ్చేసిందని, జనం ఎక్కుతున్నారని చెప్పాడు.

"దాన్ని కదలనివ్వకండి. ఎడమ వెనక చక్రం నట్లు నేను బిగించలేదేమో. బిగించకముందే గీతలు పెట్టాను" అన్నాడు మేస్త్రి.

మూడు గంటలుగా పట్టి పీడించిన దిగులు ఆ మాటతో వదిలింది. ఉద్యోగం పోతుందన్న భయం అలాగే ఉంది. కాని లోపల తడుతున్న ఆ చప్పుడు మాత్రం ఆగింది. రెండింటికీ తేడా అతనికి అప్పుడే తెలిసింది.

పాస్టరుగారు వెంటనే స్కూటరు తీసి మేస్త్రిని వెనక ఎక్కించుకున్నారు.

వాళ్ళు వెళ్ళేసరికి బస్సు గేటులోపల నిలబడి ఉంది. దిగిన జనం ఆలస్యమైందని విసుక్కుంటున్నారు. ఒకావిడ పసిపిల్లను భుజాన వేసుకుని, ఇంకా ఎంతసేపని డ్రైవర్ని దులిపేస్తోంది. ఫోర్‌మన్ మేస్త్రిని ఒక్క చూపు చూసి, పానా ఇంకో పనివాడికిచ్చాడు. మొదటి నట్టు బిగువుగా ఉన్నట్టే ఆగి, అంతలోనే జర్రున తిరిగింది. రెండోదీ అంతే. పదికి పదీ తిరిగాయి. తెల్ల గీతలన్నీ రెండు ముక్కలై పక్కకు జరిగాయి. ఆ పసిపిల్ల తల్లి ఇవేమీ చూడలేదు. బస్సు ఎప్పుడు కదులుతుందా అన్నదే ఆవిడ గోల. 

నట్లన్నీ బిగించి బస్సు పంపేశాక ఫోర్‌మన్ అతన్ని తన గదికి పిలిచాడు. విచారణ పూర్తయ్యేదాకా పనిలోకి రావద్దన్నాడు. టైర్ల గదిలో ప్రార్థనలు ఇక చెల్లవన్నాడు.  మేస్త్రి కాగితం మీద సంతకం చేస్తుంటే ఫోర్‌మన్ కొంచెం తగ్గిన గొంతుతో అడిగాడు.

"ఇంతసేపటికి ఎలా గుర్తొచ్చింది? మీ దేవుడు చెప్పాడా?"

"రెండింటి నుంచీ చెప్తూనే ఉన్నాడు సార్. నేనే వినిపించుకోలేదు."

ఫోర్‌మన్ నవ్వలేదు. కాగితం మడిచి సొరుగులో పెట్టాడు.

మర్నాడు ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. ఆ సమయంలో స్వస్థతలు, ఉద్యోగాలు, పరీక్షల్లో నెగ్గడాలు చెప్పుకోవడం ఆనవాయితీ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి లేచి, పది నట్ల సంగతి దాచకుండా చెప్పాడు. వింటున్న పాస్టరుగారు మధ్యలో లేచి నిలబడి, నిన్న తాను ఏమైందని అడగకుండానే ప్రార్థించానని, అది తన తప్పని ఒప్పుకున్నారు.  మేస్త్రి చేతిరుమాలుతో ముఖం తుడుచుకుని, కూర్చోబోయే ముందు ఒక్క మాట అన్నాడు.

"మనసుకు శాంతి కావాలని అడిగేముందు, ఆ అశాంతి ఎందుకొచ్చిందో దేవుణ్ణి అడగండి. లేచి చేయాల్సిన పని ఉండగా మోకాళ్ళ మీదే ఉండిపోతే, ఆయన చెప్పేది వినపడకుండా మన ప్రార్థనతోనే మనం చెవులు మూసుకున్నట్టు."