రెండున్నర చెయ్యి

మా పెరడుకూ మైమూన్ బీ పెరడుకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడలో చిన్న తలుపు ఉండేది. మదనపల్లెకు కాపురం వచ్చిన మూడేళ్లలో ఆమె ముఖం నేను చూసింది ఆ తలుపు దగ్గరే. ఆమె బురఖా లేకుండా వీధిలోకి వచ్చిందే లేదు.

ఆమెకు ఒక్కడే కొడుకు, ఘని. పటాలంలో లారీ తోలేవాడు. వాడికి ఉత్తరాలు నేనే రాసిపెట్టేదాన్ని. రాయడం అయ్యాక ఆమె బొటనవేలికి నా సిరా పూసుకుని కింద ముద్ర వేసేది.

"రాత నీది కదమ్మా. వేలు సూస్తేనే వానికి నేను వచ్చినట్టు," అనేది.

ఒకసారి ముద్ర అలుక్కుపోతే ఉత్తరం మొత్తం మళ్లీ రాయించింది. విసుగొచ్చినా రాశాను. అలుక్కుపోయిన ముద్ర పంపడం నాకూ నచ్చదు. ఉత్తరాలన్నీ పెట్టెలో అడుగున దాచిపెట్టుకున్నానని ఘని జవాబు రాయించాడు.

1945 వేసవిలో వాడు బర్మా వైపు జ్వరంతో పోయాడని తంతి వచ్చింది. రెండు నెలలకు బెంగళూరు సైనిక డిపో నుంచి ఒక ఫారం వచ్చింది. వాడి పెట్టె అక్కడ ఉంది. తల్లి ఆ ఫారం మీద వేలిముద్ర వేయాలి. వేసింది ఆమేనని నోటరీ సంతకం చేయాలి. నెలాఖరులోగా అది చేరకపోతే పెట్టెలో వస్తువులు వేలం వేస్తారు. ఇంగ్లీషులో ఉన్నదంతా చదివి తెలుగులో చెప్పాను.

"మట్టి కూడా వెయ్యలేదు వానికి. పెట్టె అన్నా రానీమ్మా," అంది.

ఊళ్లో నోటరీ గోపాలస్వామి వకీలు. మేమిద్దరం వెళ్లాం. ఆయన ఫారం రెండుసార్లు చదివి నా వైపు తిరిగారు.

"ఈమె మీకు తెలుసా?"

"తెలుసు. రోజూ చూస్తాను."

"మీరు నాకు తెలుసా?"

నేను మా ఆయన పేరు చెప్పాను. ఆయన బడుల ఇన్‌స్పెక్టరు. ఆ నెలంతా కుప్పంలో ఉన్నారు.

"ఆయన్ని ఎరుగుదును. రేపు ఆయన వచ్చి, ఈమె నా భార్య అంటే నమ్ముతాను. తర్వాత మీరు, ఈమె మైమూన్ బీ అంటారు. తెలిసినవాళ్లకు తెలిసినవాళ్ల మాట మీద నేను సంతకం పెట్టకూడదమ్మా. నాకు బాగా తెలిసిన మనిషికి ఈమె స్వయంగా తెలిసుండాల."

"మా ఆయన ఈమె ముఖం ఎప్పుడూ చూడలేదు."

"మసీదు పెద్దలు?"

"వాళ్లూ చూడలేదు."

"చూసిన ఆడవాళ్లు లేరా వీధిలో?"

"ఉన్నారు. వాళ్ల ముఖాలు మీరు చూడలేదు."

ఆయన నవ్వారు. నవ్వినందుకు వెంటనే నొచ్చుకున్నారు. నాలుగేళ్ల కిందట ఎవరో అక్క పేరున చెల్లెలికి బురఖా వేసి తెచ్చి పొలం రాయించుకున్నారట. ఆ దస్తావేజు మీద సంతకం తనది. జడ్జి నిండు కోర్టులో నిలబెట్టి అడిగారట. "ఆ రోజు నుంచి ఇంతే," అన్నారు.

వీధిలోకి వచ్చాక మైమూన్ బీ ఆగింది. "పీర్ సాహెబ్," అంది.

పీర్ సాహెబ్ పుంగనూరు గాజుల మనిషి. గాజుల మలారం భుజాన వేసుకుని నలభై ఏళ్లుగా మదనపల్లె వీధులన్నీ తిరిగాడు. వకీలు గారింట్లో ఆడవాళ్లకు గాజులు వేసేదీ ఆయనే. గోషా ఇళ్లలో పరదా పక్కనుంచి చెయ్యి మాత్రమే బయటికి వస్తుంది. ఆ చేతికి గాజులు ఎక్కించి వెళ్లిపోతాడు. పుంగనూరు బస్సులో కబురు పంపాను. ఆయన జ్వరంతో పడి ఉన్నాడట; తగ్గి వచ్చేసరికి నెలాఖరుకు మూడు రోజులుంది.

వకీలు ఆయన్ని చూడగానే తేలికపడ్డారు. "ఏం పీర్ సాబ్, ఈయమ్మ నీకు తెలుసా?"

"ముఖం తెలీదు సామీ. చెయ్యి తెలుసు. ఇరవై ఏండ్లు ఏసినా. రెండున్నర సైజు. బొటనేలి కాడ ఎముక శానా గట్టి, సబ్బు పూసినా గాజు ఎక్కదు. నన్ను తిట్టేది."

"నిన్ను తిట్టని ఆడది ఉందా ఈ తాలూకాలో?"

"మీ ఇంట్లో అమ్మగారు సామీ. ఆయమ్మ మిమ్మల్నే తిడతాది."

గుమాస్తా కూడా నవ్వాడు. వకీలు కలం తీశారు. "చెయ్యైతే చెయ్యే. తెలుసని నిజంగా చెప్పు, రాసుకుంటా."

మైమూన్ బీ బురఖాలోంచి ఎడమ చెయ్యి చాపింది. ఆమె భర్త పోయి ఆరేళ్లు. అప్పటినుంచి ఆ చేతికి గాజు లేదు. పగలంతా బీడీలు చుడుతుంది. తంతి వచ్చాక సరిగ్గా తిన్నది లేదు.

పీర్ సాహెబ్ ఆ చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వేళ్లు దగ్గరికి నొక్కాడు. మలారంలోంచి రెండున్నర గాజు తీసి పెట్టాడు. సబ్బు లేదు, తొయ్యడం లేదు. గాజు జారి మోచేతి దాకా పోయింది.

ఆయన కళ్లు తెరిచాడు.

"నేనే పీర్ సాబ్," అంది ఆమె లోపలినుంచి. "రంజానుకు ఎర్రవి తెస్తానని పచ్చవి తెచ్చినావే, మర్సిపోయినావా?"

"ఆ మాట ఇంటింటా అంటారమ్మా నన్ను," అన్నాడు దీనంగా. మళ్లీ ఎముక తడిమాడు. "ఆయమ్మే కావచ్చు సామీ."

"కావచ్చు అని రాయలేను పీర్ సాబ్."

"అల్లా మింద పెట్టి అబద్ధం యాడ సెప్పేది సామీ? ఇది నేనెరిగిన చెయ్యి మాదిరి లేదు."

ఒక్క అవును అంటే చాలు. అనమని నేనూ అడగలేకపోయాను.

అప్పుడు మైమూన్ బీ బురఖా పైకి ఎత్తింది. పగటి వెలుగులో, మగవాళ్ల ముందు, తల వెనక్కి తోసేసింది. పీర్ సాహెబ్ గబుక్కున గోడ వైపు తిరిగిపోయాడు. గుమాస్తా బయటికి వెళ్లాడు. వకీలు ఒక్క క్షణం చూసి బల్ల మీదికి తల దించుకున్నారు.

"సూడండి సామీ. నేనే. ఘని తల్లిని."

ఆ గదిలో ఆ ముఖం అంతకు ముందు చూసినదాన్ని నేనొక్కదాన్నే.

"ఈమే," అన్నాను. నా గొంతు పెద్దదైంది. "ఈమే మైమూన్ బీ."

"మూసుకోమని చెప్పండమ్మా," అన్నారు వకీలు, తల ఎత్తకుండా. "ముందెప్పుడూ చూడని ముఖాన్ని నేను ఎవరిదని పోల్చుకోను?"

అప్పుడు నాకు ఉత్తరాలు గుర్తొచ్చాయి. "ఆమె వేలిముద్రలున్న ఉత్తరాలున్నాయి సార్. మూడేళ్లవి, నా చేతిరాతతో. ఇప్పుడు ముద్ర వేయించి పోల్చి చూడమని డిపోకు రాయండి."

ఆయన తల ఎత్తారు. "యాడ ఉండాయి?"

"ఆ పెట్టెలో."

ఆయన ఫారం మడిచి, మడత మీద గోటితో గీసి, నా వైపు జరిపారు. "ఈ కాగితం నా సంతకంతో చేరందే వాళ్లు పెట్టె తెరవరు కదమ్మా," అన్నారు.

వేలిముద్ర అన్న మాట మైమూన్ బీ విన్నట్టుంది. బల్ల మీది సిరా మెత్తలో బొటనవేలు అద్దుకుని, మోచేతి దగ్గర ఆ గాజుతోనే, చెయ్యి గాలిలో పట్టుకుని నిలబడింది.

"యాడ వెయ్యాలమ్మా?" అని నన్ను అడిగింది.