రేచుకుక్కలు నేర్చిన ఈల

నేను ఒక ఇత్తడి ఈలను. చిటికెనవేలంత ఉంటాను. ఒక జమీందారు వేటకోసం కంచరి నన్ను పోతపోశాడు. నా మోతకు బెదిరి తుపాకుల ముందుకు ఉరికిన ప్రాణాలెన్నో చెప్పలేను. చంపగా మిగిలినవాటిని ఆయన బోనుల్లో పెట్టి అతిథులకు చూపించేవాడు. వాళ్ళు ఆయన జంతుప్రేమను మెచ్చుకునేవారు.

జమీందారీ పోయింది. వన్యప్రాణుల్ని కాపాడే సంఘమొకటి ఆ తోటను తీసుకుని జూ చేసింది. బోనులు పీకించి ఆవరణలు కట్టింది. అడవిలో తరిగిపోతున్న రేచుకుక్కల్ని పెంచి, వాటి పిల్లల్ని మళ్ళీ అడవికి పంపాలని పూనుకుంది. నేను వాటిని సాకే అప్పలనరసమ్మ మెడలోకి చేరాను. మాంసం వేసేముందు ఆమె నన్ను ఊదేది. రేచుకుక్కలు ఒకదాన్నొకటి ఈలవేసి పిలుచుకుంటాయి. కొన్నాళ్ళకు ఏది నా గొంతో, ఏది వాటిదో నాకే తెలిసేది కాదు.

ఏడింటిని వదలాలనుకున్నప్పుడు, ఈల విని మనిషి దగ్గరకొచ్చే జంతువు అడవిలో బతకదని పశువైద్యుడు సుదర్శనం చెప్పాడు. ఆరునెలలపాటు నేను మోగగానే పక్కన టపాకాయలు పేల్చారు. అప్పలనరసమ్మ ఊదింది, ఏడ్చింది, మళ్ళీ ఊదింది. చివరికి నా మోత ఒక్కటే చాలు, అవి పారిపోయేవి.

వదిలిన నెలకు, మేకల్ని పోగొట్టుకున్న ఊరివాళ్ళు చచ్చిన గేదెకు విషం పూశారని కబురొచ్చింది. డాక్టరు, అప్పలనరసమ్మ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వాగు అవతల రేచుకుక్కల మంద గేదెను సమీపిస్తోంది. నీటి హోరులో డాక్టరు కేక అటు చేరలేదు.

"ఊదమ్మా," అన్నాడాయన.

"ఊదితే అయ్యి మరి నా మొకం సూడవు బాబూ."

అయినా ఊదింది. ఏడూ చెదిరిపోయాయి.

అప్పుడు పొదల్లోంచి నా మోత వినిపించింది. నా అంచు సొట్టవల్ల వచ్చే బొంగురుతో సహా, అచ్చం నాదే. నేను మాత్రం ఆమె పిడికిట్లో చప్పుడు లేకుండా ఉన్నాను. కొండవాలున ఇంకోటి అందుకుంది. తర్వాత ఇంకోటి. డాక్టరు ఆమె చేతివైపు చూసి, వాగు దాటి గేదెను కాల్చే పనిలో పడ్డాడు.

ఇప్పుడు నేను జూ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంటున్నాను. ఏటా ఆ వాగుదాకా వెళ్ళివచ్చి అప్పలనరసమ్మ నా ముందు నిలబడుతుంది. ఈసారి అద్దానికి మొహం ఆనించి మెల్లగా చెప్పింది.

"కొత్త పిల్లలున్నాయే. మనల్నెరగవు. నన్ను సూడగానే నీలాగే కూసి పారిపోనాయి."

ఆ మాట ఆమె సంతోషంగానే అంది.